తీగ ఒకరిది, బొమ్మ ఇంకొకరిది: జర్మనీలో టెలికామ్, టీవీ లెక్క

తమ్ముడూ, నీ ప్రశ్న చదవగానే ఇక్కడ నా మొదటి ఏడాది గుర్తొచ్చింది. నువ్వు మాగ్డెబుర్గ్‌కి ఎంఎస్‌కి వచ్చి మూడు నెలలైంది. టీవీ లేకపోయినా ప్రసార రుసుము కింద నెలకు 18.36 యూరోలు కట్టమని కొలోన్ నుంచి నీకు ఉత్తరం వచ్చింది. అదే వారం మెడలో కార్డు వేసుకున్న ఒకాయన తలుపు కొట్టి, మీ కేబుల్ కట్ అయిపోతుంది, ఇక్కడ సంతకం పెట్టండి అన్నాడు. 250 స్పీడ్ అని తీసుకున్న ఇంటర్నెట్ సాయంత్రమైతే 60 కూడా రావడం లేదు. "హైదరాబాద్‌లో సిమ్ ఇచ్చేవాళ్లే క్రికెట్ కూడా చూపిస్తారు. ఇక్కడ ఎవరు ఎవరి మనుషులో తెలియడం లేదు. ఇదంతా ఒకే ముఠానా అన్నా?" అని అడిగావు.

ముందు ఒక్క మాట. ఆ కాగితం మీద సంతకం పెట్టకు. పెట్టేసి ఉంటే టెన్షన్ పడకు, 14 రోజుల్లోపు రద్దు చేసుకునే హక్కు ఉంది. ఎలాగో చివర్లో చెప్తాను.

నేను పదమూడేళ్లుగా ఇక్కడ నెట్‌వర్క్ ప్లానింగ్ పనిలో ఉన్నాను. మాన్‌హైమ్‌లో ఇల్లు, రోజూ ఏదో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో డబ్బాలు తెరిచి చూసే ఉద్యోగం. నాకు అర్థమైనంతలో నీ మూడు సమస్యల వేరు ఒక్కచోటే ఉంది. తీగ ఎవరి చేతిలో ఉంటే వాళ్లకు బొమ్మ మీద పెత్తనం ఉండకూడదని ఈ దేశం పట్టుబట్టింది. ఆ పట్టుదలవల్ల మంచీ జరిగింది, నష్టమూ జరిగింది. అందుకే కాస్త వెనక్కి వెళ్లాలి.

నాజీల చేతిలో రేడియో ఏం చేసిందో చూశాక, యుద్ధం గెలిచిన మిత్రదేశాలు ప్రసారాలను మళ్లీ కేంద్రం చేతికి ఇవ్వదలుచుకోలేదు. ప్రాంతాలవారీగా సంస్థలు పెట్టించాయి. అవి కలిసి 1950లో ఏఆర్‌డీ అయ్యాయి. రాత్రి 8 గంటలకు వచ్చే వాళ్ల వార్తలు 1952 నుంచి నడుస్తున్నాయి, ఇప్పటికీ చాలా ఇళ్లలో ఆ వేళకు టీవీ పెడతారు. 1960లో ఛాన్సలర్ అడెనావర్‌కి కేంద్రం తరఫున సొంత ఛానెల్ ఉండాలనిపించింది. తపాలా శాఖ కేంద్రానిది, ప్రసార పరికరాలు తపాలా శాఖ చూసుకుంటుంది, కాబట్టి ఛానెల్ పెట్టుకునే అధికారమూ మాదేనని వాదన. కంపెనీ కూడా పెట్టేశారు. కొన్ని రాష్ట్రాలు రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లాయి. 1961 ఫిబ్రవరి 28న తీర్పు వచ్చింది: తపాలా, టెలికామ్ అంటే సిగ్నల్ మోసే పని వరకే కేంద్రానిది. ఆ సిగ్నల్‌లో ఏం పోతుందన్నది రాష్ట్రాల విషయం. ప్రభుత్వం తన చెప్పుచేతల్లో ఛానెల్ నడపడానికి వీల్లేదు.

ఇక్కడి మీడియా అంతా ఈ తీర్పు మీదే నిలబడి ఉంది. రాష్ట్రాలు ఒప్పందం చేసుకుని మైంజ్ కేంద్రంగా జెడ్‌డీఎఫ్ అనే ఛానెల్ పెట్టుకున్నాయి, 1963 ఏప్రిల్ 1న ప్రసారం మొదలైంది. ఈ రోజుకీ మొబైల్ స్పెక్ట్రమ్, కేబుల్ తవ్వకాలు, ఇంటర్నెట్ స్పీడ్ లాంటివి బాన్‌లో ఉన్న కేంద్ర నియంత్రణ సంస్థ చూస్తుంది. టీవీ, రేడియో లైసెన్సులు మాత్రం రాష్ట్రాల మీడియా సంస్థలు చూస్తాయి, అవి 14 ఉన్నాయి. మన రాజ్యాంగంలో టెలిఫోనూ ప్రసారమూ రెండూ కేంద్ర జాబితాలోనే ఉంటాయి కాబట్టి మనకు ఈ విభజన వింతగా అనిపిస్తుంది.

ఇక ఆ 18.36. ఈ ఛానెళ్లకు బడ్జెట్‌లోంచి డబ్బిస్తే ప్రభుత్వం వాటి మెడ మీద కత్తి పెట్టినట్టే కదా, అందుకని ప్రజల దగ్గరే నేరుగా వసూలు చేస్తారు. 2013 వరకు ఇంట్లో టీవీ, రేడియో ఉంటేనే కట్టాలి. వాటి కోసం ఇంటింటికీ తిరిగి అడిగేవాళ్లు. 2013 జనవరి నుంచి ఇంటికి ఇంత అని మార్చారు, టీవీ ఉన్నా లేకపోయినా సరే. 2018లో రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని సమర్థించింది. ఏఆర్‌డీ, జెడ్‌డీఎఫ్, జాతీయ రేడియో డాయిష్‌లాండ్‌రాడియో మూడింటికీ కలిపి ఏడాదికి దాదాపు 900 కోట్ల యూరోలు ఇలా వస్తాయి. ఎంత అవసరమో ఒక స్వతంత్ర నిపుణుల సంఘం లెక్కవేస్తుంది, పెంచాలంటే 16 రాష్ట్రాల శాసనసభలూ ఒప్పుకోవాలి.

నువ్వున్న ఊరే అందులో ఒక పెద్ద కథకు వేదిక. 2020 డిసెంబర్‌లో 17.50 నుంచి 18.36కి, అంటే 86 సెంట్లు పెంచడానికి 15 రాష్ట్రాలు సరేనన్నాయి. మాగ్డెబుర్గ్ రాజధానిగా ఉన్న సాక్సనీ-అన్‌హాల్ట్‌లో పాలక కూటమే రెండుగా చీలిపోయింది. ముఖ్యమంత్రి హాసెలోఫ్ ఓటింగ్ జరగకుండానే బిల్లును వెనక్కి తీసుకున్నారు. ఆ ఒక్క రాష్ట్రంవల్ల దేశమంతా పెంపు ఆగిపోయింది. 2021 ఆగస్టులో కోర్టు జోక్యం చేసుకుని పెంపు అమలు చేయించింది. వార్తలు నచ్చలేదని డబ్బు ఆపే హక్కు ఏ రాష్ట్రానికీ లేదన్నది దాని సారాంశం. నీకొచ్చిన ఉత్తరం మీద ఉన్న అంకె వెనక ఇంత గొడవ ఉంది.

ఇప్పుడు నీ ఇంటర్నెట్ సంగతి. ఇది చెప్పేటప్పుడల్లా నాకు కడుపు మండుతుంది, ఎందుకంటే ఆ తప్పు ఫలితాలు నేను రోజూ సెల్లార్లలో చూస్తున్నాను.

1981 ఏప్రిల్‌లో అప్పటి పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ హెల్ముట్ ష్మిత్ మంత్రివర్గం దేశమంతా గాజు తీగ, అంటే ఇప్పుడు మనం ఫైబర్ అంటున్నది, వేయాలని నిర్ణయించింది. 30 ఏళ్ల ప్రణాళిక. అనుకున్నట్టు జరిగి ఉంటే 2015 నాటికి ప్రతి ఇంటికీ ఫైబర్ చేరేది. 1982 అక్టోబర్‌లో ష్మిత్ ప్రభుత్వం పడిపోయి హెల్ముట్ కోల్ వచ్చారు. కోల్ పార్టీకి ఏఆర్‌డీ, జెడ్‌డీఎఫ్ తమకు వ్యతిరేకంగా మొగ్గుతున్నాయని చాలాకాలంగా కోపం. ప్రైవేటు ఛానెళ్లు రావాలి, త్వరగా రావాలి. యాంటెన్నాతో పట్టుకునే ఛానెళ్లు మూడో నాలుగో. కేబుల్ వేస్తే ఇరవై ముప్ఫై వస్తాయి. అందుకని తపాలా మంత్రి క్రిస్టియాన్ ష్వార్జ్-షిల్లింగ్ గాజును పక్కనపెట్టి రాగి కేబుల్‌కి వేలకోట్లు ఖర్చుపెట్టారు. న్యాయంగా చెప్పాలంటే అప్పటికి ఫైబర్ ఖరీదైనది, ఇంకా పూర్తిగా పండని సాంకేతికత. రాగి కేబుల్ సిద్ధంగా ఉంది. అయినా నా లెక్కలో, టీవీ రాజకీయం ఒక దేశపు తీగను ఒక తరం వెనక్కి నెట్టిన ఉదాహరణ ఇది.

మా ఇంటి నుంచి రైన్ నది వంతెన దాటితే లుడ్‌విగ్స్‌హాఫెన్. కోల్ పుట్టిన ఊరు. 1984 జనవరి 1న అక్కడి కేబుల్ ప్రయోగ కేంద్రం నుంచే ఈ దేశపు మొదటి ప్రైవేటు టీవీ ప్రసారం మొదలైంది, తర్వాత సాట్.1 అయింది అదే. మర్నాడు లక్సెంబర్గ్ నుంచి ఆర్‌టీఎల్. ఒకసారి పని మీద ఆ చుట్టుపక్కల ఒక పాత అపార్ట్‌మెంట్ సెల్లార్‌కి వెళ్లాను. గోడకి బూడిదరంగు డబ్బా, మూత మీద తుప్పు పట్టిన తపాలా బూర గుర్తు. మూత తీస్తే వేలంత లావు రాగి కేబుల్ లోపలికి వచ్చి, ఒక ఆంప్లిఫయర్, అక్కడి నుంచి పన్నెండు ఇళ్లకు చీలిపోయింది. నలభై ఏళ్ల కిందట టీవీ బొమ్మ కోసం వేసిన అదే కేబుల్ మీద పైన పన్నెండు ఇళ్లూ ఇంటర్నెట్ వాడుతున్నాయి. వీధిలో ఇంకెన్నో ఇళ్లు దానికే తగిలించి ఉంటాయి. సాయంత్రం 8కి అందరూ సినిమా పెడితే ఉన్న దారినే అందరూ పంచుకోవాలి. నీదీ కేబుల్ ఇంటర్నెట్ అయితే 250 కాస్తా 60కి పడేది దాదాపుగా ఇందుకే.

ఆ డబ్బా మీద బూర గుర్తున్న శాఖ తర్వాత ముక్కలైంది. 1995లో దాని టెలిఫోన్, కేబుల్ భాగం డాయిష్ టెలికోమ్ అనే కంపెనీ అయింది. 1996 నవంబర్‌లో షేరు 28.50 మార్కులకు అమ్మారు. ఒక పేరున్న నటుడితో ప్రకటనలు చేయించడంతో అంతకుముందు షేరు మొహం చూడనివాళ్లూ కొన్నారు. 2000లో మళ్లీ 66.50 యూరోలకు అమ్మారు, ఆ తర్వాత ధర కుప్పకూలింది. అదే ఏడాది 3జీ వేలంలో కంపెనీలన్నీ కలిసి ప్రభుత్వానికి 5,000 కోట్ల యూరోలకు పైగా కట్టాయి. తవ్వకాలకు పోవాల్సిన డబ్బు లైసెన్సులకు పోయిందని ఈ రంగంలో పాతవాళ్లు ఇప్పటికీ అంటుంటారు, నేనూ అదే అంటాను.

టెలిఫోన్ తీగా, టీవీ కేబులూ రెండూ ఒక్కరి దగ్గరే ఉంటే పోటీ రాదు కాబట్టి టెలికోమ్ కేబుల్‌ను అమ్మేయాల్సి వచ్చింది. అమెరికాకు చెందిన లిబర్టీ మీడియా కొంటానంటే 2002లో పోటీ నియంత్రణ కార్యాలయం వద్దంది. 2003లో మిగిలిన కేబుల్‌ను పెట్టుబడి సంస్థలు కొన్నాయి, అది కాబెల్ డాయిష్‌లాండ్ అయింది. 2013లో దాన్ని వోడాఫోన్ 770 కోట్ల యూరోలకు కొన్నది. 2019లో ఇంకో కేబుల్ కంపెనీ యూనిటీమీడియా కూడా వోడాఫోన్‌కే వెళ్లింది. అందుకే ఈ రోజు దేశంలో కేబుల్ అంటే ఎక్కువభాగం వోడాఫోన్, టెలిఫోన్ తీగ అంటే టెలికోమ్. టెలిఫోనికా వాళ్ల ఓ2, 2023 చివర్లో సొంత మొబైల్ నెట్‌వర్క్ మొదలుపెట్టిన 1అండ్1 కలిస్తే మొబైల్‌లో నాలుగు.

గమనించావా, ఈ నాలుగింటిలో ఒక్కదానికీ పెద్ద వార్తా ఛానెల్ లేదు, పత్రిక లేదు. ఆర్‌టీఎల్ బెర్టెల్స్‌మాన్‌ది. బిల్డ్, వెల్ట్ పత్రికలు ఆక్సెల్ స్ప్రింగర్‌వి. సాట్.1 ఉన్న ప్రోజీబెన్ గ్రూపులో 2025లో ఇటలీకి చెందిన బెర్లుస్కోని కుటుంబ సంస్థ మెజారిటీ తీసుకుంది. 2006లో అదే ప్రోజీబెన్ గ్రూపును స్ప్రింగర్ కొనబోతే, పత్రికా టీవీ రెండూ ఒకే చేతిలో పడితే జనాభిప్రాయం మీద పట్టు మరీ ఎక్కువవుతుందని అధికారులు ఆపేశారు.

టెలికోమ్‌కి ఇంకో చిక్కు. అందులో దాదాపు 28 శాతం వాటా ఇప్పటికీ కేంద్ర ప్రభుత్వానిది, కొంత నేరుగా, కొంత ప్రభుత్వ బ్యాంకు ద్వారా. ప్రభుత్వానికి వాటా ఉన్న కంపెనీకి ప్రసార లైసెన్సు రాదు. అందుకని తన టీవీ సర్వీసు మాగెంటా టీవీలో ఫుట్‌బాల్ చూపించడానికి డబ్బు టెలికోమ్ పెట్టినా, లైసెన్సు వేరే నిర్మాణ సంస్థ పేరు మీద నడిచింది. మన ఏపీ ఫైబర్‌నెట్‌లో రాష్ట్ర ప్రభుత్వ సంస్థే ఇంటర్నెట్టూ ఛానెళ్లూ కలిపి ఇంటికి ఇచ్చింది కదా, ఇక్కడైతే ప్రభుత్వ సంస్థ ప్రసారాల దగ్గరికి వస్తే ఎన్ని ప్రశ్నలు లేస్తాయో.

ఇదంతా ఎందుకంటే, 2014లో తెలంగాణలో ఏం జరిగిందో నాకు బాగా గుర్తుంది. కేబుల్ ఎంఎస్‌ఓలు, అంటే ఊళ్లలోని కేబుల్ ఆపరేటర్లకు ఛానెళ్లు అందించే కంపెనీలు, టీవీ9, ఏబీఎన్ ఛానెళ్లను నెలల తరబడి ఆపేశారు. ఇంట్లో రిమోట్ నొక్కితే నల్లటి తెర. ఆ ఛానెళ్లు చేసింది తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ. తీగ పట్టుకున్నవాళ్లు తలుచుకుంటే బొమ్మ మాయమవుతుందని మనవాళ్లందరం కళ్లారా చూశాం. ఇక్కడా అలాంటి పెనుగులాట వచ్చింది. కేబుల్ కంపెనీలకు ప్రసారం మోసినందుకు ఏఆర్‌డీ, జెడ్‌డీఎఫ్ ఏటా కట్టే డబ్బును 2012 చివరితో ఆపేశాయి. మీరు ఎలాగూ మా ఛానెళ్లు చూపించాల్సిందేనని వాటి ధీమా. కాబెల్ డాయిష్‌లాండ్ కోర్టుకెళ్లింది, ఏళ్ల తరబడి నడిచింది. కోపంతో బొమ్మ నాణ్యత తగ్గించింది, వేరే రాష్ట్రాల ప్రాంతీయ ఛానెళ్లు కొన్నిచోట్ల తీసేసింది. ప్రధాన ఛానెళ్ల జోలికి మాత్రం వెళ్లలేకపోయింది, అవి తప్పనిసరిగా చూపించాలని చట్టంలో ఉంది కాబట్టి. ఆ ఒక్క నిబంధన విలువ మన దగ్గర నల్లటి తెర చూసినవాళ్లకి బాగా తెలుస్తుంది.

సిమ్ ఇచ్చేవాళ్లే క్రికెట్ చూపించినట్టు ఇక్కడ ఎందుకు లేదన్నావు. ప్రయత్నాలు జరిగాయి. 2005 చివర్లో యూనిటీమీడియా అనే కేబుల్ కంపెనీయే అరేనా పేరుతో ఇక్కడి ఫుట్‌బాల్ లీగ్ బుండెస్‌లీగా హక్కులు కొనేసింది. పే టీవీ ప్రెమియర్ షేరు ఒక్కరోజులో కూలిపోయింది. ఒక్క సీజన్ నడిపి, చందాదారులు చాలక, 2007లో హక్కులు తిరిగి ప్రెమియర్‌కే అప్పజెప్పింది. 2024 యూరో కప్ హక్కులు టెలికోమ్ కొన్నది, 2026 ప్రపంచకప్ హక్కులు కూడా. కానీ జర్మనీ జట్టు మ్యాచ్‌లు, సెమీఫైనల్స్, ఫైనల్ అందరికీ ఉచితంగా కనిపించాలని చట్టం ఉంది. కాబట్టి 2024లో ఎక్కువ మ్యాచ్‌లు ఏఆర్‌డీ, జెడ్‌డీఎఫ్, ఆర్‌టీఎల్‌లో వచ్చాయి, ఐదే మ్యాచ్‌లు మాగెంటాలో మాత్రమే వచ్చాయి. తర్వాతి ప్రపంచకప్‌లో 104కి 60 మ్యాచ్‌లు ఏఆర్‌డీ, జెడ్‌డీఎఫ్‌కి దక్కాయి. మిగతా 44 గురించి నాకు దిగులే. డబ్బు కట్టలేని పిల్లలకు దూరమవుతూ వస్తున్న ఆట అది.

మొబైల్ డేటాలోనూ ఇదే పోరు. 2017లో టెలికోమ్ స్ట్రీమ్‌ఆన్ తెచ్చింది, అందులో చేరిన వీడియో, పాటల సర్వీసులు చూస్తే నీ డేటా తగ్గదు. వినడానికి బాగుంది. చేరని చిన్న వార్తా సైట్‌కి మాత్రం డేటా ఖర్చవుతుంది, జనం ఎటు మొగ్గుతారో చెప్పక్కర్లేదు. యూరప్ కోర్టు 2021లో ఇది చెల్లదంది, 2022లో నియంత్రణ సంస్థ ఆపేయమంది, 2023లో పూర్తిగా మూతపడింది. 2016లో ఫేస్‌బుక్ వాళ్ల ఫ్రీ బేసిక్స్ మీద మన దగ్గర జరిగిన గొడవా ఇదే కదా, ఆ విషయంలో మన టెలికామ్ నియంత్రణ సంస్థ ట్రాయ్ అయిదారేళ్లు ముందే తేల్చేసింది.

సరే, ఇక నీ పనులు.

తలుపు కొట్టినాయన సంగతి. 1980ల నుంచి ఇంటి యజమాని కేబుల్ టీవీ ఖర్చును అద్దెతోపాటు అందరి మీదా వేసేవాడు, చూసినా చూడకపోయినా. కేబుల్ త్వరగా పాకాలని పెట్టిన ఏర్పాటు అది. 2024 జూన్ 30తో రద్దయింది. దాదాపు కోటీ ఇరవై లక్షల ఇళ్లు ఒక్కసారిగా ఎవరికి వారు నిర్ణయించుకోవాల్సి వచ్చింది. అందుకే ఏజెంట్లు మెట్లెక్కడం మొదలుపెట్టారు. ఆ వసంతంలో మా రెండో అంతస్తులో ఉండే 81 ఏళ్ల పెద్దావిడ కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చారు. సంతకం పెట్టకపోతే ఫోన్ కూడా పోతుందని ఒక ఏజెంట్ చెప్పాడట. ఆవిడకు డాబా మీద డిష్ ఉంది, కేబుల్ టీవీ అవసరమే లేదు. వంటింటి బల్ల దగ్గర కూర్చుని రెండు వాక్యాలు రాశాం: ఫలానా తేదీన కుదిరిన ఒప్పందాన్ని ఉపసంహరించుకుంటున్నాను, అందినట్టు రాతపూర్వకంగా తెలపండి. కింద కస్టమర్ నంబరు, సంతకం. రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. పది రోజుల్లో రద్దు పత్రం వచ్చింది. నువ్వూ అంతే చెయ్. టీవీ చూడకపోతే, లేదా ఇంటర్నెట్‌లోనే చూస్తే కేబుల్ టీవీ ఒప్పందం నీకు అక్కర్లేదు. నీ కేబుల్ ఇంటర్నెట్‌కి దీంతో సంబంధం లేదు. యజమాని పంపే వార్షిక ఖర్చుల లెక్కలో 2024 జులై తర్వాత కూడా కేబుల్ టీవీ రుసుము కనిపిస్తే అడుగు.

18.36 ఉత్తరాన్ని మాత్రం పక్కన పడేయకు. ఊర్లో నీ అడ్రస్ నమోదు చేయించగానే ఆ వివరం వాళ్లకు వెళ్తుంది, ఊరుకుంటే ఆలస్య రుసుముతో సహా వసూలు చేస్తారు. ఇంటికి ఒక్క రుసుమే. నలుగురు కలిసి ఒకే ఫ్లాట్‌లో ఉంటే ఒకరు కడితే చాలు, కట్టేవారి తొమ్మిదంకెల నంబరు రాసి నువ్వు బయటపడొచ్చు, నలుగురూ పంచుకోండి. హాస్టల్‌లో అయితే చూసుకోవాలి: గదులు అందరూ తిరిగే కారిడార్‌లోకి తెరుచుకుంటే ఒక్కో గదీ ఒక్కో ఇల్లు కింద లెక్క. బాఫోగ్ అనే ప్రభుత్వ విద్యా సాయం తీసుకునేవాళ్లకు మినహాయింపు ఉంది, మన విద్యార్థుల్లో చాలామందికి అది రాదు కాబట్టి ఆ ఆశ పెట్టుకోకు.

స్పీడ్ విషయంలో కస్టమర్ కేర్‌తో ఫోన్లో వాదించి లాభం లేదు, అంకెలు కావాలి. నియంత్రణ సంస్థవాళ్లదే ఒక ఉచిత కొలత ప్రోగ్రామ్ ఉంది, కంప్యూటర్‌లో పెట్టుకో. వైఫై కాదు, కేబుల్ గుచ్చి కొలవాలి. మూడు వేర్వేరు రోజుల్లో మొత్తం 30 సార్లు, 14 రోజుల్లోపు పూర్తి చేయాలి. చివర్లో అదే ఒక నివేదిక ఇస్తుంది. ఒప్పందంలో రాసినదాని కంటే పదేపదే తక్కువ వస్తోందని అందులో తేలితే బిల్లు తగ్గించమని అడగొచ్చు, లేదా గడువు ముందే ఒప్పందం తెంచుకోవచ్చు. ఈ హక్కు 2021 డిసెంబర్ నుంచి ఉంది. సాయంత్రం కొలతలు తప్పకుండా ఉండేలా చూసుకో, నీ బాధంతా అప్పుడే కదా.

నివేదిక వచ్చాక కస్టమర్ నంబరు, అడ్రస్ చెరిపేసి ఇక్కడ పెట్టు. బిల్లు తగ్గించమని జర్మన్‌లో రాయాల్సిన ఉత్తరం నేను రాసిస్తాను.